ముఖ పరిరక్షణ కమిటీ

ముందుగా ఒక సంగతి స్పష్టం చేస్తాను. పుట్టిన ఇరవై నాలుగేళ్ళలో నా ముఖానికి ఏ క్రీమూ తగల్లేదు. ఈ మెరుపు నాది. సొంతం. సబ్బు, నీళ్ళు, నిజాయితీ, ఈ మూడే వాడతాను.

ఆఫీసు వరండాలో టీ ఆయనతో ఈ మాటే చెబుతుంటే ఆయన గ్లాసు చేతికిస్తూ, "చెవి వెనక తెల్లగా ఏదో ఉంది బాబూ" అన్నాడు.

"సున్నం," అన్నాను. "గోడకి ఆనుకున్నా."

"చెవితో ఆనుకున్నారా?"

కొంతమందికి మరీ ఇంత వివరంగా కావాలి. అందుకే వాళ్ళు ప్రభుత్వాఫీసు వరండా దాకా వచ్చి ఆగిపోతారు. నేను లోపలికి వెళ్ళాను. మంత్రిగారి దగ్గర ప్రెస్‌నోట్లు రాస్తాను. ఆయన ఏదైనా అంటే అన్నట్టు, ఏమీ అనకపోతే ఏదో అన్నట్టు, అనకూడనిది అంటే అసలు అననట్టు రాయడం నా పని. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి ఆయన నన్ను చూసి నవ్వితే రెన్యూ అవుతుంది.

ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆయన చరిత్రాత్మక ప్రకటన గురించి. విలేకరులని పిలిచి, నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని ఆయన అన్నది ఇదీ:

"ఇకమీదట ఎండ, ప్రభుత్వానికి తెలియకుండా ఏ ఉద్యోగి ముఖాన్నీ ముట్టుకోదు."

అందరూ రాసుకున్నారు. ఒకాయన మాత్రం, "ముట్టుకుంటే?" అన్నాడు.

"చర్యలు తీసుకుంటాం."

ఎవరి మీద అని ఆయన అడగలేదు. బాగా అనుభవం ఉన్న విలేకరి.

ఈ ప్రకటనకి కారణం మా అక్క. ఆఫీసు ముందున్న నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్. పొద్దున ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా, పైన ఆకాశం, కింద తారు, మధ్యలో మా అక్క. ఏసీ గదిలో కిటికీ పక్క సీటు నాది కాబట్టి ఆవిడ కష్టం నేను దగ్గరుండి చూస్తుంటాను. ఎండాకాలం మొదలయ్యేసరికి ముక్కు మీద చర్మం పొరలు పొరలుగా లేచింది. బుగ్గల మీద మచ్చలు. హెల్మెట్ లేనివాళ్ళని ఆపితే, "ముందు నీ ముఖం చూపించుకో తల్లీ" అని ఒకడు అన్నాడట. ఆ రోజు చలానా రాసి ఇంటికొచ్చి, అద్దం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది.

మర్నాడు తనూ, ఇంకో పదకొండు మంది కానిస్టేబుళ్ళూ కలిసి మా శాఖకి అర్జీ పెట్టుకున్నారు. ఒక్కటే లైను: 'కూడలి మధ్యలో నీడ కోసం రేకుల కప్పు వేయించగలరు.'

"ఒక్క లైను అర్జీని ఎవరూ లెక్కచెయ్యరే అక్కా, కాస్త నేను రాసిపెడతా," అన్నాను.

"కప్పే కదరా అడుగుతున్నది. దానికి కవిత్వమెందుకు?"

అర్జీ మంత్రిగారి బల్ల మీదకి వచ్చింది. కార్యదర్శిగారు పక్కన నిలబడి విషయం విప్పి చెప్పారు.

"కప్పు అంటే చాలా పెద్ద పని సార్. గుంజలు పాతడానికి రోడ్ల శాఖ ఒప్పుకోవాలి. పైన తీగలున్నాయి కాబట్టి కరెంటు శాఖ ఒప్పుకోవాలి. చూడ్డానికి బాగుంటుందని పట్టణ శాఖ రాసివ్వాలి. మూడు శాఖలు, ముగ్గురు మంత్రులు. పేరు వాళ్ళకి పోతుంది."

"మరి?"

"రోడ్డుకి కప్పు వేసే బదులు ముఖానికే కప్పు వేసేద్దాం సార్. దానికి మన శాఖ ఒక్కటి చాలు."

"ముఖానికి కప్పేంటయ్యా?"

"సన్‌స్క్రీన్ సార్."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు అలాగే ఉంటారు. నిద్రపోతున్నప్పుడు కూడా అలాగే ఉంటారు. ఈ రెండిటికీ తేడా తెలుసుకోవడమే మా ఆఫీసులో పైకి రావడానికి దారి.

అలా పుట్టింది ముఖ పరిరక్షణ ఉన్నతస్థాయి కమిటీ. మంత్రిగారు, కార్యదర్శిగారు, ఇంకో ఐదుగురు అధికారులు, మొత్తం ఏడుగురు. చర్చలు రాసిపెట్టేవాణ్ణి నేను.

మొదటి సమావేశానికి ఊళ్ళో పెద్దాసుపత్రి నుంచి చర్మం డాక్టరమ్మని పిలిపించారు. ఆవిడ ఎనిమిది రకాల సన్‌స్క్రీన్లు, రకానికి రెండు డజన్ల ట్యూబులు పట్టుకొచ్చింది. ఏ కంపెనీదో తెలియకుండా పేర్ల మీద కాగితం అంటించి ఒకటి నుంచి ఎనిమిది దాకా నెంబర్లు వేసింది. అంత నిజాయితీ మా గదిలోకి రావడం అదే మొదటిసారి. అందరూ కొంచెం ఇబ్బందిగా కదిలారు.

"ఇవన్నీ హైబ్రిడ్ రకాలండీ," అంది డాక్టరమ్మ. "సన్‌స్క్రీన్‌లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి జింక్‌లాంటి ఖనిజం, చర్మం పైనే ఉండి ఎండని అడ్డుకుంటుంది. ఇంకోటి రసాయనం, చర్మంలోకి ఇంకి, పడ్డ ఎండని పీల్చేసుకుంటుంది. హైబ్రిడ్‌లో రెండూ ఉంటాయి. తెల్లగా పూత పూసినట్టు ఉండదు, పనీ బాగా చేస్తుంది."

మంత్రిగారు కళ్ళు తెరిచారు. "అంటే పైకి కనపడేవాడు ఒకడు, లోపలికి ఇంకిపోయేవాడు ఒకడు. ఇద్దరూ కలిసి ఒకే ట్యూబులో."

"అవునండీ."

"మా సంకీర్ణ ప్రభుత్వమే కదమ్మా ఇది. ఇందులో ఇంకిపోయేది ఎవరు?"

"రసాయనం అండీ."

"రాసుకోవయ్యా," అన్నారు నా వైపు తిరిగి. "మిత్రపక్షానికి పనికొస్తుంది."

తర్వాత డాక్టరమ్మ, ఇవి మామూలు చర్మం ఉన్నవాళ్ళకి ఎంచినవని చెప్పింది. మరీ జిడ్డూ కాకుండా, మరీ పొడీ కాకుండా ఉండేది మామూలు చర్మం. అక్కడ చిక్కొచ్చి పడింది. తమది జిడ్డు చర్మమని రికార్డులో ఎక్కడానికి కమిటీలో ఎవరూ ఒప్పుకోలేదు. పొడి చర్మమని ఒప్పుకుంటే వయసైపోయిందంటారని రిటైర్మెంట్‌కి దగ్గరున్న అధికారి ఒకాయన భయపడ్డారు. చేతులెత్తి ఓటేశారు. ఏడుగురిదీ మామూలు చర్మమని ఏకగ్రీవంగా తేలింది.

"చర్మం ఓటేస్తే మారదండీ," అంది డాక్టరమ్మ. "ముఖం కడుక్కుని, ఏమీ రాయకుండా గంటసేపు ఉండండి. నుదురూ ముక్కూ మెరిస్తే జిడ్డు. లాగినట్టుంటే పొడి. రెండూ లేకపోతే మామూలు."

మంత్రిగారు ముఖం కడుక్కొచ్చి కూర్చున్నారు. గంటసేపు ఆరుగురు ఉన్నతాధికారులు వేరే పని పెట్టుకోకుండా ఆయన ముఖాన్నే చూశారు. ఆ గంటలో ఆగిపోయిన ఫైళ్ళ గురించి ప్రతిపక్షం ఏదో అంది కానీ, ఒక నాయకుడి ముఖాన్ని అంత శ్రద్ధగా చూసిన ప్రభుత్వం ఇంకోటి చూపించమనండి. గంట అయ్యేసరికి మంత్రిగారి నుదుటి మీద ట్యూబ్‌లైటు కనపడుతోంది. దాని మీద రాసిన వాట్లతో సహా.

డాక్టరమ్మ నోరు తెరవబోయింది.

"తేజస్సు," అన్నారు కార్యదర్శిగారు.

'తేజస్సు' అని రాశాను.

డాక్టరమ్మ నిట్టూర్చి, పని చూసుకుని పోదామనుకుంది కాబోలు, నాలుగో నెంబర్ ట్యూబు ముందుకు జరిపింది. "ఇది తీసుకోండి. ఎస్పీఎఫ్ యాభై. వాసన లేదు, చెమట పట్టినా కళ్ళు మండవు, పల్చగా ఉంటుంది. చూపుడు వేలూ మధ్య వేలూ పొడవునా రెండు గీతలు పిండుకుని ముఖానికీ మెడకీ రాయాలి. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. అందరూ చెవులు మర్చిపోతారు, చెవుల వెనక కూడా రాసి బాగా రుద్దాలి, లేకపోతే అక్కడ తెల్లగా ఉండిపోతుంది. దీంతో పాటు టోపీ, నీడ కూడా ఉండాలండీ. ఒక్క క్రీముతోనే అయిపోదు."

మొత్తం ఐదు నిమిషాలు పట్టింది.

ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయానికి ఉన్నతస్థాయి కమిటీ ఎందుకని రేపు ఎవరైనా అడిగితే? మంత్రిగారు డాక్టరమ్మకి కృతజ్ఞతలు చెప్పి, టీ ఇప్పించి, కారు దాకా మనిషిని తోడిచ్చి పంపించారు. 'నిపుణుల అభిప్రాయం గమనించడమైనది' అని నేను రాశాను. మా ఆఫీసులో ఏ మాటనైనా పూడ్చిపెట్టడానికి ఇంతకన్నా మర్యాదైన వాక్యం లేదు. ఇది నా సొంత వాక్యమని చెప్పుకోవడానికి అప్పట్లో గర్వపడేవాణ్ణి.

రెండో సమావేశం క్షేత్ర పరీక్ష. ఒక్కో సభ్యుడూ ఒక్కో రకం, మిగిలిన ఎనిమిదోది కార్యదర్శిగారు రెండో బుగ్గకి రాసుకుని ఎండలో గంట నిలబడాలి. అందరూ వరండా దాకా వచ్చారు. ఎండని చూశారు. ఎండ కూడా వాళ్ళని చూసింది.

"చాలా ఉందే," అన్నారు మంత్రిగారు.

'ఎండ తీవ్రంగా ఉన్న కారణంగా ఎండ పరీక్షని లోపలికి మార్చడమైనది' అని రాశాను. అలా ఏసీ గదిలో, ట్యూబ్‌లైటు కింద, ఎనిమిది సన్‌స్క్రీన్లనీ కఠినంగా పరీక్షించారు. మధ్యలో కార్యదర్శిగారు ఇంకో ట్యూబ్‌లైటు కూడా వేయించి పరీక్షని మరింత కఠినం చేశారు. ఒక్క ముఖం కూడా కమలలేదు. ఎనిమిదికి ఎనిమిదీ నూటికి నూరు శాతం నెగ్గాయి.

ఇప్పుడు ఒకదాన్ని ఎంచితే మిగతా ఏడింటికీ అన్యాయం చేసినట్టవుతుంది. మంత్రిగారు చాలాసేపు కళ్ళు మూసుకుని, "వీటన్నిటినీ మించింది ఒకటి ఉండాలి," అన్నారు. ఆ రోజు నిద్ర కాదు, నిజంగానే ఆలోచన. "ఏవయ్యా, రేపటికి తొమ్మిదోది చూడు."

నేను డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉండొచ్చు. ఒక్క ఫోన్‌తో పోయేది. కానీ నా బుద్ధి అలాంటిది కాదు. బళ్ళో సుద్దముక్కల డబ్బాలో బల్లిని పెట్టినవాణ్ణి. పెద్దయ్యాక ఆ బుద్ధి పోలేదు, దానికి ఐడీ కార్డు వచ్చిందంతే.

మర్నాడు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు గూట్లో తెల్లటి డబ్బా ఒకటి కనపడింది. రోజంతా నిలబడి అక్క మడమలు పగిలితే మందుల షాపాయన కలిపిచ్చిన క్రీము. డబ్బా మీద పేరూ ఊరూ ఏమీ లేవు. మూత తీస్తే పిప్పరమెంటు వాసన. ఆఫీసుకి తీసుకెళ్ళి అందులో సగం తీశాను. దాంట్లోకి, ఫైళ్ళకి కాగితాలు అంటించే తెల్ల జిగురు సగం పోసి స్కేలుతో కలిపాను. ఒకటి లోపలికి ఇంకేది, ఇంకోటి పైనే ఉండేది. అచ్చమైన హైబ్రిడ్. డబ్బా మీద '9' అని రాసి బల్ల మీద పెట్టి, ఎవరైనా కనిపెడతారేమోనని చూస్తూ కూర్చున్నాను.

మంత్రిగారు రాసుకున్నారు. రెండు నిమిషాల్లో జిగురు ఆరింది. ముఖం బిగుసుకుంది. ఆయన అప్పుడేదో మాటకి నవ్వుతూ ఉండడం వల్ల, ఆ నవ్వు అలాగే నిలబడిపోయింది.

"బిగుతుగా ఉందే," అన్నారు పళ్ళ మధ్యలోంచి.

"యవ్వనం సార్," అన్నారు కార్యదర్శిగారు.

అప్పుడే నాలుగు నెలలుగా పెన్షన్ రాని రిటైర్డ్ టీచర్లు గోడు చెప్పుకోవడానికి వచ్చారు. అరగంట చెప్పారు. మంత్రిగారు మొదట్నుంచి చివరిదాకా నవ్వుతూనే విన్నారు. మధ్యలో విసుక్కోలేదు, కేకలెయ్యలేదు, ముఖం చిట్లించలేదు. "ఇంత చల్లగా విన్న మంత్రిని మా జన్మలో చూడలేదు," అని ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. పెన్షన్ సంగతి అడగడం మర్చిపోయి వెళ్ళిపోయారు.

తలుపు మూసుకోగానే మంత్రిగారు ముఖం కడుక్కొచ్చి, తడి తువ్వాలు భుజాన వేసుకునే అన్నారు: "ఇదే. ఇది రాసుకుంటే ట్రాఫిక్ పోలీసు కూడా ప్రజల్ని చూసి నవ్వుతూ ఉంటుంది. ఎండలో నవ్వే పోలీసు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్," అన్నారు ఆరుగురూ.

నేను వరండాలోకి పరిగెత్తి, స్తంభం పట్టుకుని, కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను. కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చేసరికి ఏడు సంతకాలూ అయిపోయాయి. కింద నేను రాసిన వాక్యం, 'అన్ని కోణాల నుంచీ పరిశీలించిన మీదట.' ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నాతో సహా.

తిరస్కరించిన వాటి సంగతి కూడా అదే రోజు తేల్చారు. మిగతా ఏడు రకాలూ అలమారాలో ఉండొచ్చు కానీ, నాలుగో నెంబరు బయటికి పోతే కమిటీ నిర్ణయం మీద అపోహలు వస్తాయి కాబట్టి దాన్ని పూర్తిగా నాశనం చేయాలన్నారు. ఆ బరువు ఒక్కరి మీద పెట్టకుండా సభ్యులందరూ తలా మూడు ట్యూబులు ఇంటికి తీసుకెళ్ళి, ప్రతిరోజూ పొద్దున్నే రెండు వేళ్ళ పొడవున నాశనం చేయడానికి ఒప్పుకున్నారు. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు. వారం తిరిగేసరికి ఆ అధికారుల ముఖాల్లో ఒక కళ వచ్చింది. అంకితభావం అనుకున్నాను. నాకు ఆ బాధ్యత ఎవరూ అప్పగించలేదు. నేను చిన్న ఉద్యోగిని.

సంతకాలైన మూడో రోజు తొమ్మిదో నెంబరు తయారుచేసే ఆయన వచ్చారు. నేను నమ్మలేక లేచి నిలబడ్డాను. మంత్రిగారి తోడల్లుడు. మొన్నటిదాకా సభలకి పందిళ్ళూ కుర్చీలూ అద్దెకిచ్చేవారు.

"తొమ్మిది మాదే," అన్నారు. "మూడు తరాలుగా చేస్తున్నాం."

"దేంతో చేస్తారు సార్?" అన్నాను. ఎంతైనా కన్నవాణ్ణి కదా, కుతూహలం.

"ప్రకృతితో."

నేను చేసినదానికి ఆయన దగ్గర మూడు సర్టిఫికెట్లున్నాయి. ఒకదాని మీద బంగారు రంగు ముద్ర. నాణ్యత సరిచూసుకోవాలని, నేను కలిపిన డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళారు.

ఆ వారం ఇంట్లో భోంచేస్తుంటే అక్క అడిగింది. "ఒరేయ్, గూట్లో నా కాళ్ళ క్రీము చూశావా?"

"ఎలుక ఎత్తుకెళ్ళుంటుంది."

"మూత తీసుకుని రాసుకుందా ఎలుక?" అని నన్ను ఓ చూపు చూసింది. "మళ్ళీ కొందామని వెళ్తే షాపాయన లేదన్నాడు. ఎవరో పెద్దమనిషి అచ్చం అలాంటి డబ్బాయే పట్టుకుని షాపులన్నీ తిరిగి, చివరికి ఆయన దగ్గర డ్రమ్ముల లెక్కన కలిపించుకుపోతున్నాడట. ఇన్ని కాళ్ళు ఎవరికున్నాయో. ముఖానికి మాత్రం పొరపాటున కూడా తగలనివ్వొద్దమ్మా అన్నాడు మళ్ళీ. మొద్దుబారిన చర్మాన్ని ఊడగొట్టే మందట. ముఖానికి రాసి ఎండలోకెళ్తే కాలినట్టే అవుతుందట."

నా చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి అక్కడే ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, రెండు రోజులుగా మంత్రిగారి బుగ్గల మీద పొట్టు లేస్తుంటే, "కొత్త చర్మం వస్తోంది సార్" అని కార్యదర్శిగారు అంటున్నారు. మంత్రిగారు ఎండలోకి వెళ్ళరు కాబట్టి బతికిపోయారు.

"మీ ఆఫీసు క్రీము మాకు బుధవారం ఇస్తారట," అంది అక్క. "మొదటి ట్యూబు నాకే. స్టేజీ మీద రాసుకోవాలట. ఇంతకుముందు మన ప్రభుత్వం ఇచ్చినవి చూస్తే నమ్మకం లేదు కానీ, నువ్వు దగ్గరుండి చూశావుగా. అందుకే వస్తానన్నా." లేచి వెళ్ళి, గోడవైపు తిప్పిన అద్దాన్ని మళ్ళీ ఇటు తిప్పింది.

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని కార్యదర్శిగారి గదిలోకి వెళ్ళాను. "సార్, తొమ్మిదిని ఒకసారి డాక్టరమ్మకి చూపిద్దామా?"

ఆయన పెన్ను మూత పెట్టారు. "చర్చలు రాసిందెవరు?"

"నేనే సార్."

"అన్ని కోణాల నుంచీ పరిశీలించామని రాసిందెవరు?"

"నేనే సార్."

"ఇప్పుడు అనుమానం వస్తే అది తిరిగి తిరిగి ఎవరి మీద వాలుతుంది?"

"నా మీద సార్."

"నీకు అనుమానం ఉందా?"

"లేదు సార్."

ఇలా నేను నా అక్క ముఖాన్ని కాపాడటానికి వీరోచితంగా మూడు నిమిషాలు పోరాడాను.

బుధవారం. కూడలి మధ్యలో, అక్క రోజూ నిలబడే చోటే, తోడల్లుడుగారి మనుషులు పొద్దున్నే వచ్చి గుంజలు పాతి రేకుల పందిరి వేశారు. సరిగ్గా గంట పట్టింది. రోడ్ల శాఖ రాలేదు, కరెంటు శాఖ రాలేదు, బాగుందని ఎవరూ రాసివ్వలేదు. కింద కార్పెట్, కూలర్లు, ఏడు కుర్చీలు, ముందు అంచున చిన్న స్టేజీ. పన్నెండు మంది కానిస్టేబుళ్ళని మాత్రం పందిరికి బయట, ఎండలో వరసగా నిలబెట్టారు. ఎండ పడకపోతే పథకం ఫొటోలో ఎలా తెలుస్తుందని ఫొటోగ్రాఫర్ అన్నాడు. అదీ నిజమే.

"గంటలో వేసేశారు రా కప్పు," అంది అక్క, కళ్ళు చికిలించి పందిరి కేసి చూస్తూ.

"అది తాత్కాలికం అక్కా. సభ అవగానే పీకేస్తారు."

"ఎండ పర్మనెంటా?"

నేను వెళ్ళి మైకు వైరు సరిచేస్తున్నట్టు నిలబడ్డాను.

మంత్రిగారు గంటన్నర ఆలస్యంగా, గొడుగు కింద, కారు నుంచి పందిరిలోకి నాలుగడుగులు వేశారు. ప్రసంగించారు. ఎండకి ఇదే ఆఖరి వేసవి అన్నారు. అక్కని పైకి పిలిచి, రిబ్బన్ కట్టిన తొమ్మిదో నెంబర్ ట్యూబు చేతిలో పెట్టి, మైకు ముందు నిలబెట్టి, "రాసుకో అమ్మా, ప్రజలు చూస్తున్నారు," అన్నారు. ఇది రాసుకుని మళ్ళీ మధ్యాహ్నం దాకా ఎండలోనే ఆవిడ డ్యూటీ.

అక్క మూత తీసింది. రెండు వేళ్ళ మీద పిండింది. చెయ్యి ముఖం దగ్గరికి తీసుకెళ్ళింది.

నేనెప్పుడు స్టేజీ ఎక్కానో నాకు తెలియదు. ఆవిడ మణికట్టు పట్టుకుని, చెవిలో చెబుదామని వంగి, "అక్కా, రాసుకోకు," అన్నాను. మైకు మధ్యలో ఉందని మర్చిపోయాను. 'రాసుకోకు' అన్న మాట నాలుగు రోడ్లలోకీ వెళ్ళి తిరిగొచ్చింది.

"ఎందుకురా?" అక్క గొంతు కూడా నాలుగు రోడ్లలోకీ వెళ్ళింది.

"ముఖానికి పడదు."

అక్క వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. పిప్పరమెంటు. మళ్ళీ ఒకసారి వాసన చూసింది. తర్వాత మెల్లిగా, "ఇది నా కాళ్ళ క్రీము," అంది.

"సగమే," అన్నాను.

"మిగతా సగం?"

"ఆఫీసు జిగురు."

"మైకు ఆపండి," అన్నారు కార్యదర్శిగారు. మైకు ఆపేవాడు టీ తాగడానికి వెళ్ళాడు.

"కలిపిందెవరు?"

"తమాషాకి అక్కా. ఎవరైనా కనిపెడతారేమో చూద్దామని. ఎవరూ కనిపెట్టలేదు. ఆ తర్వాత చెబుదామంటే..."

"ఉద్యోగం."

"ఊఁ."

అక్క నన్ను పరీక్షగా చూసింది. చలానా రాసే ముందు బండిని చూసే చూపు. "అంత భయంలోనూ నీ ముఖం మాత్రం నిగనిగలాడుతోంది రా," అంటూ చిన్నప్పటిలాగే నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. చెవి వెనక నుంచి తీసిన వేలు తెల్లగా వచ్చింది. రెండో చెయ్యి తిన్నగా నా చొక్కా జేబులోకి వెళ్ళింది. ట్యూబు బయటికొచ్చింది. పైన కాగితం మీద డాక్టరమ్మ చేతిరాతతో '4'.

"ఇదేంటి?"

"డాక్టరమ్మ మీకిమ్మన్నది."

"ఎప్పుడు చెప్పింది?"

"మొదటి రోజే. ఐదు నిమిషాల్లో."

"మరి నీ జేబులో ఎందుకుంది?"

రెండు డజన్ల ట్యూబులు, ఏడుగురు సభ్యులు, తలా మూడు. పంచగా మిగిలిన మూడింటికీ ఎవరూ బాధ్యత తీసుకోలేదని ఆవిడకి ఎలా చెప్పను? అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే, ఆవిడ డ్యూటీకి వెళ్ళాక, తలుపు వేసుకుని, ఏసీ గదిలో కూర్చోడానికి పోయే ముఖానికి నేను దాన్ని రాసుకుంటున్నాను.

అక్క తొమ్మిదో నెంబరు అంటిన వేళ్ళు నా చేతిలో ఉన్న ప్రెస్‌నోటుకి తుడిచేసింది. నాలుగో నెంబరు మూత తీసి, ట్యూబుని కింద నుంచి చుట్టుకుంటూ వచ్చి, మిగిలిందంతా పిండితే ఒక వేలికి వచ్చింది. దాంట్లోంచి చుక్క తీసి ముక్కుకి రాసుకుని, మిగతాది స్టేజీ మీంచి వంగి, కింద వరసలో ముందున్న ఆవిడకి అందించింది. ఆవిడ చుక్క తీసుకుని ఇంకొకరికి అందించింది.

తర్వాత అక్క వెనక్కి తిరిగి పందిరి కిందకి చూసింది. ఒక్కొక్క కుర్చీనీ వరసగా. కార్పెట్ మీద కూర్చున్న ఏడుగురి చేతులూ మెల్లిగా పైకి లేచి, ఎవరి చెవి వెనకకి వాళ్ళవి వెళ్ళాయి.

విలేకరులు దగ్గరికొచ్చారు. మొదటి రోజు 'ముట్టుకుంటే?' అని అడిగిన ఆయన అందరికన్నా ముందున్నాడు.

అక్క మైకు నా వైపు తిప్పింది. "మొదట్నుంచీ చెప్పు."

గొంతు సవరించుకున్నాను. "ముందుగా ఒక సంగతి స్పష్టం చేస్తాను," అన్నాను. "ఈ మెరుపు నాది కాదు."